ఆకాశంలో ఆ దీపం ఎవరిది?

వార్తాపత్రికల్లో ఒక మాట మీకు తరచు కనబడుతుంది: "గుర్తు తెలియని వాహనం ఢీకొని..." అని. కావలి పక్కనుంచి పోయే చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద రాత్రివేళ ఏ లారీయో, ఏ కారో దేన్నో గుద్దేసి వెళ్ళిపోతుంది. దాని నంబరు ఎవరూ చూసి ఉండరు. మర్నాడు పత్రికలో ఆ మాట పడుతుంది. అది చదివినవాళ్ళలో ఒక్కరైనా "ఆ వాహనం అంగారక గ్రహం నుంచి వచ్చి ఉంటుంది" అనుకుంటారా? అనుకోరు. వాహనం మామూలుదే. మనకు తెలియనిది దాని నంబరు మాత్రమే.

అదే మాటను ఆకాశానికి తగిలించి "గుర్తు తెలియని ఎగిరే వస్తువు" అని చూడండి. వెంటనే మన ఊహ గ్రహాంతరాలకు పరుగెడుతుంది. ఎగిరే పళ్ళాలంటారు, వాటిలో పచ్చరంగు మనుషులంటారు! నిజానికి "గుర్తు తెలియని" అన్న మాట ఆ వస్తువును గురించి ఏమీ చెప్పదు. చూసిన మనకు ఎంత తెలుసో, ఎంత తెలియదో అంతే చెబుతుంది.

అయితే గుర్తు తెలియనిదాన్ని గుర్తు తెలిసినదిగా మార్చడం ఎలా? రహదారి మీద ఆ పని పోలీసులు చేస్తారు. ఆకాశంలో ఆ పని ఎవరు చేశారు? ఎలా చేశారు? మీరూ చేయగలరా? చూద్దాం రండి.

పొద్దు కుంకినా ఎండ పోదు

మీ ఇంటి దగ్గర కొబ్బరిచెట్టు ఉంటే ఒక సాయంత్రం గమనించండి. ముంగిట్లో నీడ పడిన తరువాత కూడా చెట్టు తలమీద, మట్టల కొసల్లో, ఎండ మెరుస్తూనే ఉంటుంది. చెట్టు ఎత్తుగా ఉంది కనుక దానికి పొద్దు ఆలస్యంగా కుంకుతుంది. కేవలం 20 మీటర్ల చెట్టుకే ఇలా ఉంటే, 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న వస్తువు మాటేమిటి?

సూర్యుడు అస్తమించాక భూమి నీడ నెమ్మదిగా పైకి లేస్తుంది. మన ప్రాంతంలో అస్తమయమైన గంటకు, మన నడినెత్తిన ఆ నీడ సుమారు 200 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. గంటన్నరకు 400 పైచిలుకు, రెండు గంటలకు 800 కిలోమీటర్ల ప్రాంతానికి చేరుతుంది. నీడకు పైన ఉన్న వస్తువు మీద ఇంకా ఎండే కాస్తూ ఉంటుంది.

ఇప్పుడు తుమ్మలపెంట ఇసుక తీరాన నిలబడి ఉన్నారనుకోండి. చీకటి పడి గంటయింది. నైరుతి దిక్కున ఒక చుక్క లేచింది. అది మిణుకుమనదు, చప్పుడు చేయదు. నిటారుగా, నిబ్బరంగా ఆకాశానికి అడ్డంగా నడిచి వస్తుంది. నాలుగైదు నిమిషాల్లో ఇవతలి అంచు నుంచి అవతలి అంచుకు పోతుంది. ఒక్కోసారి నడి ఆకాశంలోనే, మబ్బు ముక్కయినా లేనిచోట, రెండు మూడు క్షణాల్లో ఎర్రబారి మాయమై పోతుంది! చూసినవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. "మనల్ని చూసి దీపం ఆర్పేశారు" అంటారు.

ఎవరూ ఏమీ ఆర్పలేదు. అది ఒక కృత్రిమోపగ్రహం. దానికి సొంత దీపం లేదు. ఎండలో మెరిసే స్టీలు బిందెలాగ అది సూర్యకాంతినే మనవైపు తిప్పుతోంది. నడుస్తూ నడుస్తూ భూమి నీడలో అడుగుపెట్టింది, మెరుపు పోయింది. అంతే. అంతర్జాతీయ రోదసీ కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో, 90 నిమిషాలకొకసారి భూమిని చుట్టి వస్తూ ఉంటుంది. నడినెత్తిన పోయేటప్పుడు అది ఒక్కోసారి వేగుచుక్కంత కాంతితో కనబడుతుంది.

ప్రభుత్వాలే దర్యాప్తుకు దిగాయి

1947 జూన్ 24న అమెరికాలో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే విమాన చోదకుడు ఆకాశంలో తొమ్మిది వింత వస్తువులు చూశానని చెప్పాడు. నీళ్ళమీద విసిరిన సాసరు గెంతుతూ పోయినట్టు అవి పోయాయని వర్ణించాడు. పత్రికలవాళ్ళు ఆ కదలికను ఆకారంగా మార్చేశారు. "ఎగిరే పళ్ళెం" పుట్టింది! ఆ తరువాత వేలమందికి పళ్ళాలే కనబడసాగాయి.

అమెరికా వైమానిక దళానికి ఇది ఆటగా తోచలేదు. ఆ దీపం శత్రు దేశపు విమానమైతే? అందుకని విచారణలు ప్రారంభించింది. అందులో పెద్దది "ప్రాజెక్ట్ బ్లూ బుక్". అది 1952 నుంచి 1969 వరకు నడిచింది. జె. ఎలెన్ హైనెక్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు దానికి సలహాదారు. మొత్తం 12,618 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో నక్షత్రాలు, గ్రహాలు, ఉల్కలు, విమానాలు, బెలూన్లు బయటపడ్డాయి. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్ ఎగిరాక ఆ జాబితాలో కృత్రిమోపగ్రహాలు కూడా చేరాయి.

1960 ఆగస్టు 12న అమెరికా "ఎకో" అనే ఉపగ్రహాన్ని వదిలింది. అదొక పెద్ద బుడగ. అల్యూమినియం పూత పూసిన పల్చటి ప్లాస్టిక్ పొరతో చేశారు. అడ్డుకొలత 30 మీటర్లు, అంటే పదంతస్తుల మేడంత! దాదాపు 1,600 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది కనుక రాత్రి చాలాసేపటి వరకు భూమి నీడ దానికి అందేది కాదు. ఫలానా ఊళ్ళో ఫలానా వేళకు కనబడుతుందని పత్రికల్లో ముందుగానే వేసేవారు.

దర్యాప్తు రహస్యమంతా ఇక్కడే ఉంది. ఉపగ్రహం ఎక్కడికి బడితే అక్కడికి పోదు. రైలుకు పట్టాలున్నట్టు దానికి కక్ష్య ఉంది, కాలపట్టిక ఉంది. కావలి స్టేషన్లో రాత్రి ఫలానా వేళకు ఒక రైలు కూత విన్నానని మీరు చెబితే, స్టేషన్ మాస్టరు పట్టిక చూసి అది ఏ రైలో చెప్పేస్తాడు గదా! అలాగే మీరు చూసిన వేళ, దిక్కు, ఎత్తు సరిగా చెబితే చాలు. లెక్క వేసి అది ఏ ఉపగ్రహమో చెప్పవచ్చు. చెప్పకపోతే ఎంతటి శాస్త్రజ్ఞుడైనా చేతులెత్తేయవలసిందే.

కిటికీలు ఎక్కడివి?

"అందరూ అబద్ధాలాడుతున్నారా?" అని మీరు అడగవచ్చు. లేదు. అబద్ధాలాడేవాళ్ళు కొద్దిమందే. నిజాయితీగా చూసినవాళ్ళే ఎక్కువమంది. ఈ కథలో అన్నిటికంటె ఆసక్తికరమైన సంగతి అదే.

1968 మార్చి 3వ తేదీ రాత్రి అమెరికా తూర్పు ప్రాంతంలో చాలామంది ఆకాశంలో నిప్పుల వరుస ఒకటి నిశ్శబ్దంగా సాగిపోవడం చూశారు. అది సోవియట్ యూనియన్ అంతకు ముందు రోజు జరిపిన జోండ్-4 ప్రయోగానికి చెందిన రాకెట్ భాగం. వాతావరణంలోకి తిరిగి దిగుతూ కాలి ముక్కలవుతోంది. వస్తువేమిటో తెలుసు, దారి తెలుసు, వేళ తెలుసు. ఇక సాక్షులు ఏం చెప్పారో పోల్చి చూడడమే తరువాయి.

అప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ కాండన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడి ఆధ్వర్యాన ఒక సంఘం వైమానిక దళం కోసం ఈ విషయాన్నే పరిశోధిస్తోంది. సాక్షుల మాటలను ఆ సంఘం పరిశీలించింది. చాలామంది చూసినది చూసినట్టే చెప్పారు: కొన్ని వెలుగులు, వెనుక తోకలు, ఒకే దిక్కుకు ప్రయాణం. కాని కొందరు మాత్రం చుట్ట ఆకారపు ఓడ కనబడిందన్నారు. దానికి వెలుగుతున్న కిటికీలున్నాయన్నారు. చెట్ల మీదుగా తక్కువ ఎత్తున పోయిందన్నారు. నిజానికి ఆ ముక్కలు నేలకు ఎన్నో పదుల కిలోమీటర్ల ఎత్తున ఉన్నాయి!

కిటికీలు ఎక్కడినుంచి వచ్చాయి? చూసేవాళ్ళ బుర్రలోంచి. చీకట్లో కొన్ని వెలుగులు కలిసి కదిలితే, వాటి మధ్య చీకటిని మన మెదడు ఒక గట్టి వస్తువుగా పూరించుకుంటుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని, ఒక అట్టముక్కకు మూడు ఊదువత్తులు త్రికోణంగా గుచ్చి వెలిగించండి. గది చీకటి చేసి, సంగతి తెలియని మీ మిత్రుణ్ణి దూరాన కూర్చోబెట్టండి. అట్టను మెల్లగా కదిలించి, ఏం కనబడిందో రాయమనండి. "మూడు నిప్పు చుక్కలు" అని రాస్తే మంచి సాక్షి. "మూడు దీపాలున్న నల్లటి వస్తువు" అని రాసేవాళ్ళూ ఉండవచ్చు. మీ తరగతిలో పదిమందిని అడిగి లెక్క కట్టండి.

ఇంకొకటి. చీకటి గదిలో ఒకే ఒక చిన్న వెలుగు చుక్కను ఉంచి, ఒక నిమిషం రెప్పవాల్చకుండా చూడండి. టార్చిలైటు అద్దానికి నల్లకాగితం అంటించి సూదితో చిల్లు చేస్తే ఆ చుక్క సిద్ధం. కొద్దిసేపటికి ఆ చుక్క కదలడం మొదలుపెడుతుంది! అది కదలడం లేదు. పోల్చుకోవడానికి చుట్టూ ఏమీ లేనందువల్ల మన కంటికి అలా తోస్తుంది. నిలకడగా ఉన్న గ్రహం "అటూ ఇటూ ఊగింది" అని ఎంతోమంది చెప్పడానికి కారణం ఇదే.

తెల్లవారుజామున జెల్లీ చేప

1977 సెప్టెంబర్ 20 తెల్లవారుజామున సోవియట్ యూనియన్‌లోని పెత్రోజవోద్‌స్క్ నగరం మీద ఆకాశంలో జెల్లీ చేపలాంటి వెలుగు కనబడింది. మధ్యన ప్రకాశించే తల, కిందికి వేలాడే కిరణాలు. ఊరంతా కలవరపడింది. మరుసటి ఏడు, అంటే 1978లో, ఇలాంటి వాటిని విచారించడానికి సోవియట్ ప్రభుత్వం సైన్యాన్నీ, సైన్స్ అకాడమీనీ కలిపి ఒక కార్యక్రమం ప్రారంభించింది. అది 1990 వరకు సాగింది. విచారణకు వచ్చిన వాటిలో అత్యధిక భాగం రాకెట్ ప్రయోగాలు, బెలూన్లే అని తేలింది. పెత్రోజవోద్‌స్క్ జెల్లీ చేప ప్లెసెత్‌స్క్ నుంచి కాస్మోస్-955 ఉపగ్రహాన్ని మోసుకుపోతున్న రాకెట్ తోక! నేలమీద ఇంకా చీకటి. పైన రాకెట్ వదిలిన వాయువుల మీద మాత్రం ఎండ పడింది. మళ్ళీ మన కొబ్బరిచెట్టు సూత్రమే.

ఆ 1977లోనే ఫ్రాన్సు కూడా తన రోదసీ సంస్థలో, తులూజ్ నగరాన, ఒక పరిశోధక విభాగాన్ని తెరిచింది. 1990 నవంబర్ 5 సాయంత్రం ఫ్రాన్సు ఆకాశం మీదుగా వెలుగుల గుంపు సాగిపోయింది. వందలమంది చూసి రాశారు. అది సోవియట్ ప్రోటాన్ రాకెట్ భాగం భూమికి తిరిగి దిగుతున్న దృశ్యమని ఆ విభాగం తేల్చింది.

ఈ విషయంలో మన నెల్లూరు తీరంవాళ్ళకు ఒక అదృష్టం ఉంది. 1971 అక్టోబర్ 9న శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. అప్పటినుంచి ఇక్కడివాళ్ళకు ఆకాశంలో నిప్పుతోక కొత్త కాదు. శ్రీహరికోట 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. కావలికి అది తిన్నగా లెక్కిస్తే సుమారు 130 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉంది కనుక రాకెట్ ఒకటిన్నర కిలోమీటరు దాకా ఎగిరితేగాని కావలి వాళ్ళకు కనబడే అవకాశమే లేదు. అయినా మేడ ఎక్కి దక్షిణం వైపు చూస్తారు, "అదుగో రాకెట్" అంటారు. అదే వెలుగు సంగతి తెలియని ఊరివాళ్ళకు కనబడితే? 2022 డిసెంబర్ 15 సాయంత్రం ఒడిశా తీరం నుంచి అగ్ని-5 క్షిపణిని పరీక్షించారు. కోల్‌కతాలోనూ, ఇంకా ఎన్నో చోట్లా జనం ఆకాశం కేసి చూసి ఎగిరే పళ్ళెమేమో అన్నారు. వెలుగు ఒకటే. ముందుగా తెలియడం, తెలియకపోవడం, అంతే తేడా.

సరిహద్దులో వేగుచుక్క

"ఏదో పొరపడతారు, దానివల్ల నష్టమేమిటి?" అంటారా? లడఖ్ సంగతి వినండి.

2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు చైనా సరిహద్దు దగ్గర మన సైనికులు ఆకాశంలో వింత వెలుగులను మళ్ళీ మళ్ళీ చూశారు. 329 సార్లు చూశారు. వాటిలో 155 సార్లు ఆ వెలుగులు సరిహద్దు రేఖ దాటి మనవైపు వచ్చాయని నమోదు చేశారు. అవతలి దేశపు గూఢచారి విమానాలేమోనని అనుమానం! ఇలాంటి చోట పొరపాటు చిన్నది కాదు. రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. తుపాకి పేలితే ఆపడం కష్టం.

సైన్యం మంచి పని చేసింది. బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థను అడిగింది. లడఖ్‌లోనే హాన్లే వద్ద ఆ సంస్థకు వేధశాల ఉంది. ఖగోళ శాస్త్రజ్ఞులు ఒక్కటే కోరారు: ఆ వెలుగు ఏ వేళకు, నక్షత్రాలతో పోలిస్తే ఎక్కడ ఉందో రాసి పెట్టండి. ఆ వివరాలు చేతికి రాగానే ముడి విడిపోయింది. ఆ "గూఢచారులు" ఇద్దరూ మనకు ఎంతో పాత పరిచయస్థులు. ఒకరు గురుడు, ఇంకొకరు శుక్రుడు! ఎత్తయిన కొండల మీద పల్చటి గాలిలో ఈ గ్రహాలు మరీ కాంతిగా కనబడతాయి. భూమి తిరుగుతున్న కొద్దీ అవి కొండ ఇవతలి నుంచి అవతలికి జరిగినట్టు కనబడతాయి. తుపాకి కంటె ఒక గడియారం, ఒక నక్షత్ర పటం ఎక్కువ పనిచేశాయి.

మన ఊళ్ళలో

1979లో మన తెలుగు పల్లెల్లో ఏం జరిగిందో మీ తాతయ్యనో, నాయనమ్మనో అడగండి. "స్కైలాబ్" అనగానే వాళ్ళు నవ్వుతారు. అది అమెరికావారి రోదసీ కేంద్రం. బరువు 77 టన్నులు. 1973లో ఎగిరింది. కక్ష్య నుంచి జారి ఎక్కడ పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేని స్థితి వచ్చింది. ఇక బతకమని కొందరు పెంచుకున్న కోళ్ళనూ మేకలనూ కోసుకు తిన్నారు. కూడబెట్టిన డబ్బు ఖర్చు పెట్టేశారు. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ పట్నం పరిసరాల్లోనూ ముక్కలై పడింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. తెల్లవారింది, కోళ్ళు మాత్రం లేవు!

గమనించారా? స్కైలాబ్ పేరు అందరికీ తెలుసు. గుర్తు తెలియని వస్తువు కానే కాదు. అయినా భయం పోలేదు. భూమి ఎంత పెద్దది, అందులో సముద్రమెంత, ఒక ముక్క మన ఇంటిమీదే పడే అవకాశమెంత అన్న లెక్క ఎవరూ చెప్పలేదు. పేరు తెలిస్తే చాలదు, లెక్క కూడా తెలియాలి.

2022 డిసెంబర్ 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలాల్లో ఒక పెద్ద వింత యంత్రం దిగింది. చూడడానికి జనం గుంపులు గుంపులుగా వచ్చారు. గ్రహాంతరవాసులన్న పుకారు పుట్టింది. విచారిస్తే అది హైదరాబాద్‌లోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ బెలూన్ కేంద్రం నుంచి, ఒక స్పెయిన్ సంస్థ పరీక్ష కోసం, బెలూనుకు కట్టి పంపిన గూడు అని తేలింది. ఆ కేంద్రం దశాబ్దాలుగా శాస్త్ర పరిశోధనకు పెద్ద పెద్ద బెలూన్లు వదులుతూ ఉంది.

ఇక చక్కటి మలుపు. 2023 జూలై మధ్యలో పశ్చిమ ఆస్ట్రేలియాలో గ్రీన్ హెడ్ అనే చోట, పెర్త్ నగరానికి ఉత్తరాన సుమారు 250 కిలోమీటర్ల దూరాన, సముద్రం ఒక పెద్ద లోహపు పీపాను ఒడ్డున పడేసింది. అది మనిషికంటె ఎత్తుగా ఉంది. పోలీసులు కాపలా పెట్టారు. తప్పిపోయిన మలేషియా విమానం ముక్కేమో అని కొందరన్నారు. ఆస్ట్రేలియా రోదసీ సంస్థ ఇతర దేశాల సంస్థలను సంప్రదించి జూలై 31న ప్రకటించింది: అది చాలావరకు భారతదేశపు పి.ఎస్.ఎల్.వి. రాకెట్ మూడో అంచె భాగమై ఉంటుందని. అంటే శ్రీహరికోట నుంచి లేచినదన్నమాట! 1979లో ఆకాశం నుంచి ఎవరి ముక్క మన నెత్తిన పడుతుందోనని మనం హడలిపోయాం. 2023లో మన ముక్కను చూసి వాళ్ళు ముక్కుమీద వేలేసుకున్నారు.

ముత్యాల దండ

ఇటీవలి సంవత్సరాల్లో ఇంకొక వింత కనబడుతోంది. ఒక దారానికి గుచ్చిన ముత్యాల్లాగ పదులకొద్దీ చుక్కలు ఒకే వరుసలో, ఒకదాని వెనుక ఒకటి సాగిపోతాయి. ఇవి "స్టార్‌లింక్" ఉపగ్రహాలు. 2019 మే నెలలో ఒకే రాకెట్ మీద 60 ఎగిరాయి. అటు తరువాత వేలకొద్దీ ఎగిరాయి. ప్రయోగించిన కొత్తలో అవి తక్కువ ఎత్తున, దగ్గర దగ్గరగా ఉండడం వల్ల దండలా కనబడతాయి. కొద్ది వారాల్లో పై కక్ష్యలకు చేరి విడిపోతాయి. 2021 డిసెంబర్‌లో పంజాబ్ ఆకాశంలో ఈ దండ కనబడి సరిహద్దు జిల్లాల్లో గగ్గోలు పుట్టింది.

అమెరికా రక్షణ శాఖ 2022లో ఇలాంటి ఫిర్యాదుల కోసం ఒక ప్రత్యేక కార్యాలయం పెట్టింది. 2024 నవంబర్‌లో ఆ కార్యాలయం ఇచ్చిన నివేదికలో 757 ఫిర్యాదుల లెక్క ఉంది. విచారణ పూర్తయినవి బెలూన్లు, పక్షులు, చిన్న విమానాలు, ఉపగ్రహాలు అని తేలాయి. స్టార్‌లింక్ దండలని తేలేవి పెరుగుతున్నాయని అందులో రాశారు. గ్రహాంతరవాసుల జాడ మాత్రం ఒక్కదానిలోనూ దొరకలేదు.

మీరే దర్యాప్తు అధికారి

ఇప్పుడు మీ వంతు. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఆకాశంలో వింత ఏదైనా కనబడితే, ఎవరితోనూ మాట్లాడక ముందే ఇవి రాయండి. పక్కవాడి మాట చెవిన పడితే మీ జ్ఞాపకం రంగు మారుతుంది.

మొదటిది, తేదీ, వేళ. నిమిషంతో సహా. "అన్నాల వేళప్పుడు" అంటే చాలదు.

రెండవది, దిక్కు. ఎటు లేచింది, ఎటు పోయింది. తుమ్మలపెంట తీరాన సముద్రం తూర్పు అని గుర్తుంటే మిగతావి తేలిక.

మూడవది, ఎత్తు. దీనికి పరికరం మీ చేతిలోనే ఉంది. చేయి బారచాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి నడినెత్తికి తొమ్మిది పిడికిళ్ళు. "తాటిచెట్టంత ఎత్తు" అని రాయకండి, "మూడు పిడికిళ్ళు" అని రాయండి.

నాలుగవది, ఎంతసేపు కనబడింది, రంగేమిటి, మిణుకుమందా, చప్పుడుందా. దగ్గరలో ఏ నక్షత్రాలున్నాయి.

ఇక పోల్చుకోండి. ఎర్ర, పచ్చ దీపాలు టపటపా వెలిగి ఆరుతుంటే విమానం. ఒకటి రెండు క్షణాల్లో గీత గీసినట్టు పోతే ఉల్క. కాలుతూ, ముక్కలవుతూ, అర నిమిషం నుంచి రెండు నిమిషాలు తాపీగా పోతే భూమికి దిగుతున్న రాకెట్ భాగమో, పాత ఉపగ్రహమో. ఉల్క క్షణానికి 11 కిలోమీటర్లు మొదలుకొని ఇంకా ఎంతో వేగంతో వస్తుంది. కక్ష్యలోంచి దిగేది 8 కిలోమీటర్ల లోపు వేగంతో వస్తుంది. ఆ తాపీతనానికి కారణం ఇదే. నిలకడగా నాలుగైదు నిమిషాలు నడిస్తే ఉపగ్రహం. గంటైనా దాదాపు అక్కడే ఉండి, నక్షత్రాలతోపాటు మెల్లగా జరిగితే గ్రహం. తెల్లవారుజామున సముద్రం మీద ధగధగలాడేది చాలాసార్లు వేగుచుక్కే. సముద్రపు అంచునే వరసగా నిలిచినవి మన బెస్తవారి పడవల దీపాలు కావచ్చు.

అన్నిటికంటె గట్టి పరీక్ష ఇంకొకటుంది. దీనికి ఇద్దరు కావాలి. మీరు కావలిలో, మీ మిత్రుడు నెల్లూరులో, మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లు. మీకు సరిగ్గా నడినెత్తిన ఒక వెలుగు కనబడింది. అదే నిమిషానికి మీ మిత్రుడికి ఎక్కడ కనబడిందో అడగండి. అది ఎవరో వదిలిన ఆకాశదీపమైతే అతనికి అసలు కనబడదు. 10 కిలోమీటర్ల ఎత్తున పోయే విమానమైతే ఉత్తరం దిక్కున నేల అంచుకు ఒక పిడికిలి ఎత్తునే కనబడుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహమైతే అతనికి కూడా నడినెత్తికి దగ్గరలోనే, ముప్పాతిక పిడికిలి తేడాతో కనబడుతుంది. ఒక్కడు చూస్తే వెలుగు మాత్రమే. ఇద్దరు చూసి రాసి పెడితే దాని ఎత్తు తెలుస్తుంది. శ్రీహరికోటలో ఒకేసారి పది వస్తువులను వెంబడించగల రాడారు ఉంది. మీ ఇద్దరి నోటుపుస్తకాలు దానికి చిన్న తమ్ముళ్ళన్నమాట.

మిగిలిపోయినవి

బ్లూ బుక్ లెక్క ఇంకా పూర్తి కాలేదు. 12,618లో 701 చివరికి కూడా తేలలేదు. "అవైనా గ్రహాంతరవాసులవే గదా" అనేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. కాని నంబరు దొరకని లారీ ఎప్పటికీ లారీయే గాని, దొరకనంత మాత్రాన రోదసీ నౌక కాజాలదు. 2023 సెప్టెంబర్‌లో అమెరికా రోదసీ సంస్థ నాసా నియమించిన శాస్త్రజ్ఞుల సంఘం ఇదే విషయాన్ని చెప్పింది: ఇవి గ్రహాంతరాలవి అనడానికి ఆధారం లేదు, తేలకపోవడానికి ముఖ్య కారణం సరైన కొలతలు లేకపోవడమే. ఇతర లోకాల్లో జీవులున్నారా అన్నది మంచి ప్రశ్నే. శాస్త్రజ్ఞులు పెద్ద పెద్ద దూరదర్శినులతో వెతుకుతూనే ఉన్నారు. ఒకనాడు జవాబు దొరికితే, అది కూడా కొలతల రూపంలోనే దొరుకుతుంది.

అంచేత మీ వీధిలో ఎవరైనా ఆకాశంలో వింత చూశామని చెబితే ఎగతాళి చేయకండి. ఎగతాళి చేస్తే రేపు నిజంగా ముఖ్యమైనదేదో చూసినా వాళ్ళు నోరు విప్పరు. పడవ మీద రాత్రంతా ఆకాశం కిందే గడిపే బెస్తవారి కంటె మంచి సాక్షి ఎవరుంటారు? "ఏం చూశారు?" అని ముందు అడగండి. "ఎన్ని గంటలకు? ఎటువైపు? ఎన్ని పిడికిళ్ళు? ఎంతసేపు?" అని తరువాత అడగండి. "అదేమయి ఉంటుంది?" అన్న ప్రశ్న ఆఖరున. చాలామంది ఈ ఆఖరు ప్రశ్నను మొదట వేయడం వల్లనే పళ్ళాలు ఎగురుతున్నాయి.

ఈ సాయంత్రం పొద్దు కుంకిన గంటకు మేడ మీదికి వెళ్ళి అరగంట ఆకాశం చూడండి. మబ్బు లేకపోతే ఒకటి రెండు ఉపగ్రహాలైనా మీ కంటబడతాయి. నోటుపుస్తకం, పెన్సిలు, గడియారం మరిచిపోకండి సుమా!